ఎండిన గడ్డికి కాపలా

2003, ఫిబ్రవరి 23, ఆదివారం

మిట్ట చేనులో గడ్డి పూర్తిగా తెల్లబడింది. గట్టు మీది నుంచి చూస్తే ఎవరో పాత చాప పరిచి మరిచిపోయినట్టుంది. ఇలా అవుతుందని నాకు తెలుసు. పోయిన వేసవిలోనూ ఇలాగే అయింది, వానకు మళ్ళీ లేచింది. అయినా ఈ ఇంట్లో ప్రతి ఏడూ మొదటి నుంచి చెప్పుకుంటూ రావాలి.

పొద్దున బావ పశువుల కొట్టం దగ్గర నిలబడి గుంజతో మాట్లాడాడు. అంటే నాతో. తమ్ముడి పెళ్ళాంతో నేరుగా మాట్లాడకూడదట, ఈ ఇంటి పద్ధతి. పెళ్ళయిన నాటి నుంచి నాకు చెప్పాల్సిందంతా గుంజకో, గోడకో, కాకపోతే అత్తకో చెబుతాడు.

"ఆ చేను చచ్చిపోయిందని చెప్పమ్మా. ఊరికే పెట్టుకోని ఏం చేస్తారంట?"

అత్త వంటింట్లో నుంచి — "సరోజా, చేను చచ్చిపోయిందంట."

విన్నాను అత్తా, నాకూ చెవులున్నాయి. పైకి అనలేదు. ఇక్కడ అంటున్నా.

ఫిబ్రవరి 27

పాలు తగ్గాయి. రాగి గడ్డి వేస్తే మా ఆవు గౌరి మొహం తిప్పేస్తోంది. మహారాణి! జూజువాడి వైపు నుంచి వచ్చే గడ్డి లారీ కోసం ఊరంతా కాచుకుని ఉంటే దీనికి పచ్చగడ్డి కావాలట.

మార్చి 4

మధ్యాహ్నం. ఎండ... పెంకులు పగిలేలా ఉంది.

మిట్ట చేనులో మేతకు వేసిన ఈ కొళుకట్టె గడ్డి నాన్నది. ఊత్తంగరైలో మా పుట్టింటి బీడు నిండా ఇదే. మూడేళ్ళ కింద వానల్లో గోనె సంచి నిండా పిలకలు పెరుక్కుని బస్సులో వేసుకొచ్చాను. కండక్టరు దారి పొడుగునా తిట్టాడు. నేనూ మా ఆయనా మోకాళ్ళ మీద కూర్చుని చేనంతా నాటాం. హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి, నిద్ర కూడా పోకుండా నాటాడు. పాపం, ఆ మాట ఒప్పుకోవాలి.

నాన్న అనేవాడు — "వేసవిలో గడ్డి చావదు పాపా. లోపలికి పోయి కూర్చుంటాది." పై ఆకును తనే ఎండబెట్టుకుంటుంది, ఉన్న తడి గాలికి పోకుండా. తిండంతా దుబ్బు మొదట్లో, వేరులో దాచుకుంటుంది, మనం విత్తనాల గింజలు కుండలో పోసి మూత పెట్టినట్టు. మనం చేయాల్సింది చలికాలం చివరి కోతలో జానెడు మోడు వదిలేయడం. ఆ తర్వాత వాన దాకా పశువునూ, కొడవలినీ, నీళ్ళనూ ఆ వైపు పోనివ్వకపోవడం.

అంతే పని. ఏమీ చేయకుండా ఊరకే ఉండడం. ఈ ఇంట్లో అది ఎవరికీ చేతకాదు!

మార్చి 12

దుబ్బు పట్టుకుని గట్టిగా లాగి చూశాను. రాలేదు. బతికున్న దుబ్బు నేలను వదలదు, చచ్చినదైతే చేతికి ఊడొస్తుంది. అరచేతి నిండా గీతలు. సంతోషం.

ఒక దుబ్బును కొడవలితో మొదట్లో కోసి అత్తకు చూపించాను. లోపల తెల్లగా, గోరు గుచ్చితే తడి. అత్త తాకింది. "అవునే, తడి ఉండాదే!" అంది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

సాయంత్రం బావ అడిగితే అదే అత్త — "ఏమోప్పా, తడి ఉండాదని ఆ యమ్మ అంటాది."

ఆ యమ్మ అంటుందా! తాకింది ఎవరు తల్లీ? కోపంతో గిన్నెలు రెండుసార్లు తోమాను.

మార్చి 21

అసలు విషయం ఇవాళ బయట పడింది. పొన్నేరు.

ఉగాది నాడు ఎద్దులకు పసుపు కుంకుమ పెట్టి, కొత్త ఏడాదికి మొదటి సాలు దున్నడం — ఈ ఇంటి పొన్నేరు తాత కాలం నుంచి మిట్ట చేనులోనే. నేను గడ్డి నాటాక రెండేళ్ళుగా వేరే చేనులో కట్టారు. ఆ రెండేళ్ళూ వానలు సరిగ్గా లేవు. ఇంకేం? దొరికిపోయాను.

"పొన్నేరు ఆడ ఆగిపోయినప్పటి నుంచే వాన ఆగిపోయింది. గుర్తుంచుకోమ్మా," అని అత్తతో అంటున్నాడు, నాకు వినబడేంత గొంతుతో. "ఈ ఉగాదికి మడక ఆడనే కడతా. అట్నే దున్నేసి మామిడి అంట్లు పెడతా. కృష్ణగిరి మండీలో మామిడికి ఉండే మర్యాద కసువుకు ఉండాదా?"

కసువు! ఆయన రోజూ తాగే చిక్కటి కాఫీలో పాలు ఎక్కడివట? పోయిన వానాకాలమంతా ఆ కసువువే.

మార్చి 22

మా ఆయనతో చెప్పాను, మీ అన్నతో మాట్లాడండి అని. "మాట్లాడతాలే." ఎప్పుడు? "అన్న మంచిగా ఉన్నప్పుడు." మీ అన్న మంచిగా ఉండేలోపు నా చేను దున్నడం అయిపోతుంది మహానుభావా.

మార్చి 30

మాట్లాడలేదు.

ఏప్రిల్ 2, ఉగాది

మాట్లాడాను, నేనే. పద్ధతిని గంగలో కలిపేద్దామనుకున్నా గానీ అంత సాహసం లేదు. అత్తను మధ్యలో కూర్చోబెట్టి అత్తతోనే చెప్పాను. "అత్తా, మొదటి మంచి వాన దాకా ఆగమనండి. వాన పడిన వారానికీ పచ్చ కనిపించకపోతే నేనే ఎద్దులకు బొట్టు పెట్టి చేనులోకి తోలుకొస్తా."

బావ తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. "వారం అంటే వారమే అని చెప్పమ్మా."

పొన్నేరు కింది చేనులో కట్టారు. బావ మొహం మాడిపోయి ఉంది. ఎద్దులు కూడా అలిగినట్టే నడిచాయి.

ఒక వాన. ఒక వారం. ఆ గడ్డి బతకడానికి అది చాలు. కానీ ఆ వాన దాకా దాన్ని మనుషుల నుంచి కాపాడాలి.

ఏప్రిల్ 8

నాన్న తిథికి ఊత్తంగరై పోవాలి. మా ఆయనకు అప్పగించాను — చేను వైపు ఏ పశువునూ పోనివ్వొద్దు. "నేను చూసుకుంటాలే, నువ్వు పోయిరా," అన్నాడు. నిండు మనసుతోనే అన్నాడు.

ఏప్రిల్ 10, ఊత్తంగరై

మా అన్న బీడును గ్రానైటు క్వారీకి ఇచ్చేశాడని తెలుసు. చూడడం ఇవాళే.

పెద్ద గుంత. లారీలు దిగే దారి. అంచు వెంబడి చుట్టూ తిరిగాను, ఒక్క దుబ్బైనా మిగిలిందేమోనని. రాతి పొడి తప్ప ఏమీ లేదు. కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా అయ్యాయి. అన్న గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చాడు — "ఆ కసువు కోసరమా సరోజా, ఇంత ఎండలో తిరగతా ఉండావు?"

వాడికీ కసువే. నాన్న కొడుకు!

ఏడవకూడదనుకున్నా. ఏడ్చాను. ఇక పిలకలు తెచ్చుకోవడానికి ఈ లోకంలో నాకు చోటు లేదు. నాన్న గడ్డి మిట్ట చేనులో తప్ప ఎక్కడా లేదు.

ఏప్రిల్ 13

అమ్మకు జ్వరం. ఆగిపోయాను. మనసంతా అక్కడే.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

బస్సు దిగగానే మా ఆయన ఎదురొచ్చాడు, నవ్వుకుంటూ. సంచి తీసుకున్నాడు. "ఇంటికి తర్వాత పోదాము. చేను కాడికి పోదామా?" అంటాడు. దారంతా ఏమీ చెప్పడు, నవ్వడమే.

మిట్ట చేనులో బోరు పక్క మడి పచ్చగా ఉంది.

ఊరు చుట్టూ ఎక్కడా పచ్చ లేని ఈ ఎండలో, ఆ ఒక్క మడి కళ్ళు చెదిరేంత పచ్చ. జానెడు ఎత్తున లేత ఆకు. కాలువ తీశాడు, గట్టు వేశాడు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకోకుండా త్రీ ఫేజ్ కరెంటు కోసం కాచుకుని, మోటారు వేసి, నేను లేని రోజులంతా నీళ్ళు కట్టాడట.

"నువ్వొచ్చేలోపల లేపల్ల అనుకుంటిని. ఇంక అన్న ఏమంటాడో చూస్తాము!"

గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. సంతోషమనుకుని పక్కన కూర్చున్నాడు. అప్పుడు అరిచాను. ఎవరు లేపమన్నారు? వాన లేదు, బోరులో నీళ్ళు అడుగంటుతున్నాయి, దాన్ని ఇప్పుడు లేపి ఏం పెడతారు? దాచుకున్న తిండంతా ఖర్చు పెట్టి లేచిందే, ఇక మళ్ళీ పడుకోవడానికి దాని దగ్గర ఏముంది? పశువును పోనివ్వొద్దన్నాను కదా...

"పశువును పోనీలేదే," అన్నాడు.

అవును. పశువును పోనివ్వలేదు. నీళ్ళ సంగతి నేను విడిగా చెప్పలేదు. గడ్డికి నీళ్ళు పెట్టొద్దని ఎవరైనా చెబుతారా, చెప్పినా ఎవరైనా వింటారా.

పార పట్టుకుని నిలబడిపోయాడు. చేతుల్లో బొబ్బలు.

ఏప్రిల్ 21

టిఫిన్ క్యారియరు తీసుకోకుండా డ్యూటీకి పోయాడు.

ఏప్రిల్ 23

బావకు మహా ఆనందం. గుంజతో — "చూస్తివా, నీళ్ళు పెడితే ఎట్ల వచ్చిందో! ఇన్నాళ్ళూ ఊరికే ఎండబెట్టి పెట్టినారు." దారిన పోయేవాళ్ళంతా ఆగి మెచ్చుకుంటున్నారు. "సరోజమ్మా, నీ చేను భలే ఉండాదమ్మా!" నవ్వాలి. పళ్ళు నూరుకుంటూ నవ్వుతున్నా.

లేపిన తర్వాత ఆకలితో వదిలేయకూడదు. ఇప్పుడు నేనే మోటారు వేస్తున్నా. ఏది వద్దని మొగుడి మీద అరిచానో అదే నేను చేస్తున్నా. ఇంకేం చేయను?

ఏప్రిల్ 25

ఊళ్ళో పశువులన్నిటికీ వాసన తగిలింది. ముళ్ళకంప తోసుకుని వచ్చేశాయి. మడి నేలమట్టం. ముందు నిలబడి మేస్తున్నది ఎవరనుకున్నావు — మా గౌరి! వీపు మీద రెండు వేశాను. వేశాక బాధపడ్డాను. ఆకలి దానిది, తప్పు దానిది కాదు.

ఏప్రిల్ 29

మళ్ళీ చిగురు పెట్టింది. సన్నగా, పాలిపోయి. మళ్ళీ మేసేశాయి. ఎంత కంప వేసినా ఆగవు. చుట్టుపక్కల ఉన్న పచ్చ అదొక్కటే.

మే 1

బోరు నుంచి ఎర్ర నీళ్ళు వచ్చాయి, తర్వాత గాలి. మోటారు ఆపేశాను. తాగడానికే వీధి కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టాలి.

మే 7

మడి బూడిద రంగుకు వచ్చింది. మిగతా చేను ఎప్పటిలాగే గడ్డి రంగు. దూరం నుంచి చూస్తే రెండూ ఎండినవే. దగ్గరికి పోతే తెలుస్తుంది, ఇటు మోడు గట్టిగా నిలబడి ఉంది, అటు నలిగిపోయి నేలకు అంటుకుంది.

దగ్గరికి ఎవరు పోతారు? బావ గట్టు మీది నుంచే తీర్పు చెప్పాడు — "నీళ్ళు పెట్టిందే చచ్చిపోయింది. పెట్టనిది బతికుంటాదా? అడగమ్మా ఆ యమ్మను."

దేవుడా! ఈ మాటకు జవాబు చెప్పాలంటే ఒక మనిషి నా మొహం చూసి వినాలి. ఈ ఇంట్లో నా మొహం చూసి వినేది గౌరి ఒక్కతే. దానితోనూ ఇప్పుడు మాటల్లేవు.

మే 11, ఆదివారం

మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అడిగితే జవాబు చెబుతాడు. షిఫ్టు నుంచి వచ్చి నేరుగా మడి దగ్గరికి పోయి గొంతుకూర్చుంటాడు. ఇవాళ వంటింటి వెనక నుంచి, గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్టు మోసుకుపోతున్నాడు. బకెట్టు నీళ్ళు ఏ మూలకు?

ఆపుదామని గడప దాకా పోయాను. ఆపలేదు. నీళ్ళు ఒలకకుండా నడవాలని మెల్లగా నడుస్తున్నాడు.

మే 15

మబ్బులు. అందరూ బయటికొచ్చి తల పైకెత్తి నిలబడ్డాం. బెంగళూరు వైపు పోయాయి. వాళ్ళకు చేలు కూడా లేవు, వాన మాత్రం కావాలి.

మే 18

మామిడి అంట్లు చెప్పి పెట్టాడట బావ. అత్త చెప్పింది, నా కళ్ళలోకి చూడకుండా.

మే 21

వాన!!

మధ్యాహ్నం గాలితో మొదలై సాయంత్రం దాకా. పెరట్లో నీళ్ళు నిలిచాయి. అత్త తడుస్తూ నిలబడింది, రమ్మంటే రాదు. బావ అరుగు మీద నుంచి పందిరి గుంజతో — "ఇయ్యాల నుంచి వారం."

మే 23

ఏమీ లేదు.

మే 24

ఏమీ లేదు. చేనులో ఎండుటాకంతా నల్లబడింది. నాన్న మాట తప్పు కాదు కదా? పోయిన ఏడు ఎన్నో రోజుకు వచ్చిందో నోట్ చేసుకోలేదు, బుద్ధిలేనిదాన్ని. అన్నం సయించలేదు.

మే 25, ఆదివారం

బావ మడక కడుక్కుంటున్నాడు. పనిగట్టుకుని నా ఎదురుగా. ఇవాళ దుబ్బు లాగి చూడడానికి కూడా భయపడ్డాను.

మే 26

అత్త అరుపు విని పాలచెంబు కింద పడేశాను. "సరోజా! ఓ సరోజా! రా యమ్మా, ఈడ చూడు!"

ప్రతి మోడు మొదట్లోనూ సూది మొనంత పచ్చ. వంగి చూస్తేనే కనబడుతుంది. ఒక దుబ్బు, దాని పక్క దుబ్బు, ఆ పక్కది... గుట్ట దాకా పరిగెత్తాను. అంతటా ఉంది! ఈ వయసులో పిచ్చిదానిలా నవ్వుకుంటూ పరిగెత్తాను. నాన్నా, లోపలికి పోయి కూర్చున్నది బయటికొచ్చింది.

అత్త తనే పోయి బావను పిలుచుకొచ్చింది. ఈసారి "ఆ యమ్మ అంటాది" అనలేదు. "నేను చూసినాను," అంది.

బోరు పక్క మడిలో మాత్రం ఏమీ లేదు.

మే 28

గడువు ఇవాళ్టితో సరి. చేనంతా వేలెడు లేచింది. ఇప్పుడు గట్టు మీది నుంచి కూడా కనబడుతోంది, వద్దన్నా కనబడుతోంది.

బావ చేనులోకి దిగాడు. వంగి ఒక దుబ్బును వేలితో విడదీసి చూశాడు, ఇంకొకటి చూశాడు. లేచి, అత్తతో —

"సరే. చేను ఉండనీ. అంట్లు గుట్ట పక్కన పెట్టుకుంటా. పొన్నేరుకు మాత్రం ఒక మూల ఇడిచిపెట్టమను. బోరు పక్క మడి ఎట్లాగూ చచ్చిపోయింది కదా, అది ఇస్తే చాలు. ఎల్లుండి మంచి రోజు, మడక కడతా."

న్యాయమైన మాట. గడ్డి దక్కింది, ఆయన మాటా దక్కింది. నేనే ఆయన స్థానంలో ఉంటే అంతకంటే ఎక్కువ అడిగేదాన్ని. అత్త నా వైపు చూసింది, సరేనని చెప్పమన్నట్టు. నోటిదాకా వచ్చింది.

మా ఆయన అప్పటికి డ్యూటీ నుంచి రాలేదు. రేపు చెబుతానన్నాను.

మే 29

పొద్దున్నే చెప్పాను మా ఆయనకు, బావ మడి అడిగాడని. మడి దగ్గరికి నడిచాడు, నేనూ వెనకాలే. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నాటిన రోజు కూర్చున్నట్టే.

"ఇంకో వానకు చూద్దాము సరోజా. లోపల కూర్చోని ఉందేమో. పైకి ఎండినట్టు కనబడితే చచ్చిపోయినట్టా?"

వేసవంతా నెత్తీ నోరూ కొట్టుకుని ఈ ఇంట్లో నేను చెప్పిన మాట. ఒక్కరూ విన్నారా అని ఏడ్చాను. ఈయన విన్నాడు. ప్రతి ముక్కా విన్నాడు.

"నువ్వు లాగి చూస్తావు కదా. చూడు," అన్నాడు.

దుబ్బు మీద చెయ్యి వేశాను. మెత్తగా ఉంది. లాగితే తెలిసిపోతుంది. ఆయన నా చేతి వైపే చూస్తున్నాడు. బొబ్బలు మానిన చోట ఆయన అరచేతిలో తోలు ఇంకా ఎర్రగానే ఉంది.

లాగలేదు. "వేరు తడిసిందిప్పుడే, కదిలించకూడదు," అని చెయ్యి తీసేశాను.

రేపు పొద్దున బావ ఎద్దులను తోలుకొస్తాడు. అత్త రెండుసార్లు వచ్చి అడిగింది, వాడికి ఏం చెప్పమంటావు అని.

ఇంకా చెప్పలేదు.